తవుడయ్య, పెంటయ్య, పుల్లయ్య: మన పేరుల చరిత్రము

దేశచరిత్రము వ్రాయదలచినవారు శాసనములను, నాణెములను, కైఫీయతులను వెదకుదురు. ఆ వెదకుట యుచితమే. కాని ప్రతి గృహమునందును ఎవ్వరును చదువని శాసనమొకటి కలదు. అది ఆ యింటివారి పేరులు. రాతిమీది శాసనమును రాజు వ్రాయించెను. దీనిని తల్లిదండ్రులు వ్రాయించిరి. రాజశాసనమున విజయములు, దానములు కానవచ్చును. ఈ శాసనమున తల్లుల భయములు, మ్రొక్కులు, ఆశలు కానవచ్చును. ఒక్కొకచో మనము సిగ్గుపడవలసిన మాటలును కానవచ్చును.

నేటి దంపతులు బిడ్డ పుట్టకమునుపే పేరు వెదకుటకు మొదలిడుదురు. ఎవరికిని లేని పేరు తమ బిడ్డకు కావలెనని వారి కోరిక. అది తప్పని మేమనము. అయితే అట్టి పేరు కోరువారు తమ తాతముత్తాతల పేరులను ఒక్కమాఱు జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఆశ్చర్యపడుదురు. తవుడయ్య, పెంటమ్మ, పుల్లయ్య, బిచ్చమ్మ, కుళ్ళాయప్ప, మన్రోలప్ప మున్నగు పేరులు నానాటికి అరుదైపోవుచున్నవి. చదువుకొన్నవారు వీనిని విని నవ్వుదురు. ఆ పేరులు గలవారి మనుమలు నలుగురిలో తాతపేరు చెప్పుటకు సంకోచింతురు. ఆ నవ్వునకును, ఈ సంకోచమునకును ఆ పేరుల చరిత్రము తెలియకపోవుటయే కారణమని మా యభిప్రాయము.

మోటుగా వినబడు పేరులన్నియు ఒక్క తెగవి కావు. కొన్ని ప్రేమచే పెట్టినవి; కొన్ని తిరస్కారముచే పెట్టినవి. చెవికి రెండును ఒక్కరీతిగనే తోచును. ఈ భేదమెఱుగనివారు ప్రేమను చూచి నవ్వుదురు, తిరస్కారమును కులాచారమని మన్నింతురు. కావున ఏ పేరును గుఱించియైనను రెండు ప్రశ్నలు వేసికొనవలెను: దీనిని పెట్టినవారెవరు? ఏల పెట్టిరి?

శాస్త్రము చెప్పినది

నామకరణము మన పూర్వులకు సంస్కారములలో నొకటి. గృహ్యసూత్రములు దీనికి నియమములు చెప్పినవి. క్రీస్తునకు పూర్వము 2వ శతాబ్దిలో మహాభాష్యమును వ్రాసిన పతంజలి యీ విషయమున యాజ్ఞికుల మతమును పేర్కొనెను. పదవ దినము గడచిన పిమ్మట పుత్రునకు పేరు పెట్టవలెను. ఆ పేరు నాదము గల హల్లుతో ఆరంభము కావలెను. మధ్యమున య, ర, ల, వ లలో నొక్క యక్షరముండవలెను. పేరు రెండక్షరములదియో నాలుగక్షరములదియో కావలెను. అది మూడుతరముల పూర్వులను అనుసరించునదియై, శత్రువులయందు నిలిచిన పేరు కాకుండవలెను. ఇట్టి పేరు పెట్టుటకు వ్యాకరణజ్ఞానము కావలెను గనుక, వ్యాకరణము చదువుటవలన కలుగు ప్రయోజనములలో నిదియు నొకటి యని ఆ మహాపండితుడు చెప్పెను.

మనుస్మృతి రెండవ యధ్యాయమున స్త్రీల పేరులను గుఱించి చక్కని మాట యొకటి కలదు. ఆడపిల్ల పేరు పలుకుటకు సులువుగా, క్రూరము కాక, అర్థము స్పష్టమై, మనోహరమై, మంగళకరమై, ఆశీర్వాదమువలె ఉండవలెనని యచట చెప్పబడినది. ఇంతకంటె నేటివారైనను చెప్పవలసినది లేదు. కాని యా స్మృతియే దానికి కొంచెము ముందు వేఱొక నియమము చేసినది. బ్రాహ్మణుని పేరు మంగళమును, క్షత్రియుని పేరు బలమును, వైశ్యుని పేరు ధనమును సూచింపవలెనట. శూద్రుని పేరు మాత్రము జుగుప్సితముగా నుండవలెనట. పసిబిడ్డకు రోతపుట్టించు పేరు పెట్టుమని ధర్మశాస్త్రము శాసించుట ఎంత దారుణమో పాఠకులే ఊహింపగలరు. ఈ యొక్క మాట ఫలితమును ముందు చూతము.

మూడవ యధ్యాయమున మఱొక నిషేధము కలదు. నక్షత్రముల, వృక్షముల, నదుల, పర్వతముల, పక్షుల, సర్పముల పేరులు గల కన్యలను వివాహమాడరాదని స్మృతికారుని మతము. జనులు దీనిని వినలేదు. మన యిండ్లలో రోహిణి, తులసమ్మ, గోదావరి, కృష్ణవేణి, చిలకమ్మ, నాగరత్నమ్మ అనువారు తరతరములుగా పెండ్లియాడి పిల్లాపాపలతో కాపురములు చేసిరి. శాస్త్రము ఒకటి చెప్పుచుండగా ఆచారము వేఱొకటి చేయుచుండుట మన దేశమున క్రొత్త కాదు. పేరుల చరిత్రమును శాస్త్రములలో గాక జనులలో వెదకవలసిన కారణమిదియే.

పూర్వపు తెలుగు పేరులు

సామాన్యమైన మాటతో పేరు పెట్టుకొనుట తక్కువతనమని మన ప్రాచీనులు తలపలేదు. క్రీస్తు శకము 3వ శతాబ్దిలో నాగార్జునకొండ ప్రాంతమునేలిన ఇక్ష్వాకుల శాసనములను చూడుడు. అచట మహాచైత్యమును నిలిపిన రాజవంశపు స్త్రీ పేరు చాంతిసిరి. మఱొక రాజకుమార్తె అడవి చాటిసిరి, ఇంకొకతె కొడబలిసిరి. చివరనున్న సిరి సంస్కృతపు శ్రీ శబ్దమే. తక్కిన భాగమున ఆనాటి జనుల నోటి మాటయే నిలిచియున్నది.

మన కవుల పేరులు మాత్రమేమి? ఎఱ్ఱనయందున్నది రంగు; పెద్దనయందున్నది ఇంటిలోని వరుస; మొల్ల యనగా మల్లెజాతి పువ్వు. తాళ్ళపాక అన్నమాచార్యుని భార్య, సుభద్రాకల్యాణము రచించిన కవయిత్రి తిమ్మక్క. తిరుమల యను మాట జనుల నోట నలిగి తిమ్మ యైనది. వీరెవ్వరును పేరు మార్చుకొనవలెనని తలచినవారు కారు.

వీరికంటెను ముఖ్యమైన యుదాహరణ మొకటి కలదు. రంగనాథ రామాయణ కర్తయైన గోన బుద్ధారెడ్డి కుమార్తె, మల్యాల గుండ దండనాథుని భార్య, కుప్పాంబిక యను నామె. ఈమె 1276వ సంవత్సరమున బూదపురమున శాసనము వేయించినది. తెలుగున కవిత్వము చెప్పిన స్త్రీలలో నీమెనే మొదటిదానినిగా పలువురు విద్వాంసులు ఎన్నుదురు. అంబిక యనునది మర్యాదకై చేర్చిన మాట. అసలు పేరు కుప్పమ్మ. కుప్ప పంటకుప్ప కావచ్చును, పెంటకుప్పయు కావచ్చును. ఏదియైనను ఆ మాట దండనాథుని అంతఃపురమునకు తగదని నాడెవ్వరును అనుకొనలేదు.

తవుడునకు కొన్న బిడ్డలు

ఇక పెంటయ్య మొదలగు పేరులకు వత్తము. వీని పుట్టుక ఒక్కటే: పుట్టిన బిడ్డలు నిలువకపోవుట. ఇద్దఱు ముగ్గురు శిశువులు వరుసగా పోయినపిమ్మట మఱొక బిడ్డ పుట్టినచో ఆ తల్లి సంతోషింపజాలదు, భయపడును. మృత్యువు తన యింటి దారి మరగినదనియు, అందమైన బిడ్డ, ముద్దైన పేరు దాని కంటబడుననియు ఆమె నమ్మకము. కావున ఈ బిడ్డ ఎవరికిని అక్కఱలేని వస్తువని దానిని నమ్మింపవలెను. దీనికై యేర్పడిన యాచారములే యీ పేరులకు మూలము.

బిడ్డను కొనిపోయి పెంటదిబ్బమీద క్షణకాలము పరుండబెట్టుదురు. వేఱొక స్త్రీ ‘ఎవరో పాఱవేసిన బిడ్డ దొరకినది’ అని యెత్తుకొని వచ్చును. తల్లి ఆ దొరకిన బిడ్డను పెంచుటకు స్వీకరించును. ఆ బిడ్డ పెంటయ్య లేక పెంటమ్మ. తెలంగాణపు పల్లెలలో నీ పేరులు మిక్కిలిగా కలవు. ఎంగిలి విస్తరికి పుల్లాకు అని పేరు. అట్టి యాకుమీద పరుండబెట్టిన బిడ్డ పుల్లయ్య లేక పుల్లమ్మ. 1934లో లవకుశ చలనచిత్రమును తీసిన చిత్తజల్లు పుల్లయ్యగారి పేరు మన యిండ్లలో నెంత గౌరవముతో చెప్పబడినదో పెద్దల కెఱుకయే. తల్లి కొంగుపట్టి నాలుగిండ్లలో భిక్షమెత్తి, ఆ భిక్షతో బిడ్డకు గుడ్డయో గింజయో సమకూర్చినచో ఆ బిడ్డ బిచ్చయ్య, బిచ్చమ్మ, భిక్షపతి, భిక్షమయ్య. గుంటూరు ప్రాంతమున పిచ్చయ్య, పిచ్చమ్మ అను రూపములు కలవు. వినువారు పిచ్చి యను మాటను తలచి నవ్వుదురు. ఆ పేరున నున్నది పిచ్చి కాదు, భిక్ష.

ఉత్తరాంధ్రమున తవుడు, తవుడయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అను పేరులు కలవు. బిడ్డను కన్నతల్లి వేఱొకతెకు ఇచ్చివేయును. పెక్కుమంది బిడ్డలు దక్కిన యిల్లాలైనను, పురుడుపోసిన మంత్రసానియైనను ఆ బిడ్డను తనదిగా చేకొనును. పిమ్మట కన్నతల్లియే చేటెడు తవుడు కొలిచి తన బిడ్డను తాను కొనుక్కొనును. ఆ బేరముతో బిడ్డ ఆ యింట పుట్టినది కాదు, కొన్నది. పుట్టినవారిని కొనిపోవు మృత్యువునకు కొన్నవారిపై అధికారము లేదని వారి తర్కము. తర్కము తప్పు కావచ్చును. కాని తన కడుపున పుట్టినదానిని తవుడుతో తూచి తెచ్చుకొన్న ఆ తల్లి మనస్సును తలచుకొన్నవారికి నవ్వు రాదు.

ఈ యాచారము మన తెలుగువారికే పరిమితము కాదు. వంగదేశమున 1889లో పుట్టి 1908లో ఉరికంబమెక్కిన ఖుదీరామ్ బోసు పేరు ఎఱుగనివారు లేరు. ఖుద్ అనగా వంగభాషలో నూకలు. అతనికి ముందు పుట్టిన మగబిడ్డలు చనిపోగా తల్లి ఆ శిశువును తన పెద్దకూతునకు మూడు పిడికెళ్ళ నూకలకు అమ్మినది. దానినుండియే ఆ పేరు కలిగినది. మన తవుడయ్యయు వారి ఖుదీరాముడును ఒక్క కొట్టులోని సరకే. అచటనే మూడు గవ్వలకు కొన్నవాడు తిన్‌కడి, అయిదు గవ్వలకు కొన్నవాడు పాంచ్‌కడి. తమిళులలో కుప్పుస్వామి, కుప్పమ్మాళ్ కలరు. పంజాబు గ్రామములలో పెంటదిబ్బను తెలుపు రూడా, నేలపై ఈడ్వబడినవాడను నర్థముగల ఘసీటా అను పేరులను 1883లోనే రిచర్డు టెంపుల్ అను ఆంగ్లోద్యోగి పంజాబీల పేరులపై వ్రాసిన గ్రంథమున చేర్చెను. మహారాష్ట్రమున ధోండో యను పేరు కలదు. దాని యర్థము రాయి. వితంతువుల విద్యకై జీవితమును ధారపోసి, 1916లో స్త్రీలకు విశ్వవిద్యాలయమును స్థాపించిన మహర్షి కర్వే పూర్తి పేరు ధోండో కేశవ కర్వే. రాయి యను పేరు ఆయనకు అడ్డము రాలేదు. ఆయన 1858 మొదలు 1962 వఱకు నూఱేండ్లకు పైగా జీవించెను.

వేదమునందును ఇట్టి పేరులు కలవన్నచో కొందఱికి వింతగా తోచును. ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపుని కథ కలదు. అజీగర్తుడను పేద బ్రాహ్మణునకు ముగ్గురు కొడుకులు: శునఃపుచ్ఛుడు, శునశ్శేపుడు, శునోలాంగూలుడు. మూడు పేరులయందును మొదటి మాట కుక్కయే; మొదటి పేరునకును కడపటి పేరునకును కుక్కతోక యనియే యర్థము. ఆకలిచే పీడింపబడిన తండ్రి పెద్దవానిని, తల్లి చిన్నవానిని విడువలేక, నడిమివాడగు శునశ్శేపుని నూఱు గోవులకు యజ్ఞపశువుగా అమ్మివేసిరి. దేవతలను స్తుతించి ఆ బాలుడు బంధవిముక్తుడు కాగా విశ్వామిత్రుడు అతనిని కొడుకుగా గ్రహించి దేవరాతుడను క్రొత్త పేరు పెట్టెను. దేవరాతుడనగా దేవతలచే నీయబడినవాడు. అతనిని పెద్దన్నగా నంగీకరింపని యేబదిమంది కుమారులను విశ్వామిత్రుడు శపించెననియు, వారి సంతతివారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు మొదలగువారనియు ఆ కథ చెప్పుచున్నది. ఆంధ్రశబ్దము మనకు మొట్టమొదట కానవచ్చునది ఈ కథయందే. అమ్ముడుపోయిన బిడ్డకు క్రొత్త పేరు దొరకిన కథలోనే మన జాతి పేరును దొరకుట గమనింపదగినది.

మ్రొక్కుల పేరులు

బిడ్డను దక్కించుకొనుటకు రెండవ యుపాయము దేవునికి మ్రొక్కుకొనుట. ఈ పేరులను బట్టి ఆ కుటుంబము ఏ ప్రాంతమునుండి వచ్చినదో చెప్పవచ్చును. సింహాచలము, అప్పన్న అనువారు విశాఖపట్టణపు వైపువారు. పైడయ్య, పైడమ్మ అనువారు విజయనగరపు పైడితల్లి భక్తులు. కోటయ్య, కోటమ్మ అనువారు కోటప్పకొండ తిరునాళ్ళకు ప్రభలు కట్టినవారి బిడ్డలు. పెంచలయ్య నెల్లూరు సీమవాడు. ఓబయ్య, ఓబులమ్మ అహోబిలము చుట్టుపట్లవారు. యాదయ్య, యాదగిరి అనువారు యాదగిరిగుట్టకు మ్రొక్కినవారు. సమ్మయ్య, సారయ్య అనువారు మేడారపు సమ్మక్క సారలమ్మల పేరువారు. మసూచి పొక్కులను జనులు భయముతో ముత్యములని పిలిచెడివారు. ముత్యాలమ్మకు మ్రొక్కి బ్రతికిన బిడ్డలు ముత్యాలు, ముత్యాలయ్య అయిరి.

మ్రొక్కునకు మతభేదము లేదు. అనంతపురము సీమలో గూగూడు కుళ్ళాయిస్వామి పీరు కలదు. మొహరము పండుగకు అచట హిందువులును మహమ్మదీయులును కలసి నిప్పులగుండము చుట్టు చేరుదురు. కుళ్ళాయి యనగా టోపి. ఆ సీమలో కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అను పేరులు గల హిందువులు ఎందఱో కలరు. పెనుకొండ దర్గాకు మ్రొక్కినవారు బాబయ్యలు. నాగూరు దర్గాకు మ్రొక్కినవారు నాగూరయ్యలు. మస్తానయ్య, మస్తానమ్మ, ఉసేనమ్మ మొదలగువారిని గుంటూరు, నెల్లూరు మండలములలో అడుగడుగునను చూడవచ్చును. రెండు మతములవారు కలసి బ్రతుకజాలరని వాదించువారు ఒక్క గ్రామపు పేరుల పట్టికను చదువుట మంచిది.

ఉపకారము చేసిన మనుష్యుని పేరును పెట్టుట మఱొక తెగ. 1800 మొదలు 1807 వఱకు దత్తమండలములకు కలెక్టరుగానుండిన తామస్ మన్రో యెడల రైతులకు గలిగిన యాదరము వలన కొందఱు తమ బిడ్డలకు మన్రోలప్ప యను పేరు పెట్టిరి. తెల్లదొర పేరునకు అప్ప చేర్చి దానిని రాయలసీమ పేరుగా చేసికొన్న యా రైతుల చాతుర్యము మెచ్చదగినది.

తిరస్కారపు పేరులు

ఇంతవఱకు చెప్పిన పేరులు బిడ్డ బ్రతుకవలెనని పెట్టినవి. బిడ్డను అణచుటకు పెట్టిన పేరులు వేఱుగా కలవు. మనుస్మృతి విధించిన జుగుప్సిత నామము గ్రంథమునందే నిలిచిపోలేదు. అంటరానివారని ఊరికి వెలిగా నుంచబడిన కుటుంబములలో ఎవరైనను బిడ్డకు మంచి పేరు పెట్టినచో ఊరి పెద్దలకు కోపము వచ్చెడిది. పేరు మంచిదైనను పిలుపు చెడగొట్టుదురు. రామయ్యను రాముడనియైనను పిలువక రామిగాడందురు; లక్ష్మమ్మ లచ్చి యగును. నెరసిన తలగల వృద్ధుని పదియేండ్ల బాలుడు గాడు చేర్చి పిలుచుచుండెను. ఆ వృద్ధుడు ఆ బాలుని అయ్యా యనుచుండెను. ఇట్లు పేరు చివరి రెండక్షరములలో సంఘమంతయు ఇమిడియుండెను.

దీనికి సమాధానము చెప్పినవారు పండితులు కారు, బాధపడినవారే. హైదరాబాదున 1888లో మాదరి భాగయ్య యను బాలుడు జన్మించెను. దళితులే యీ దేశపు పూర్వపు ప్రభువులనియు, రెడ్డి శబ్దము ఏలికను తెలుపు రేడు శబ్దమునుండి పుట్టినదనియు చెప్పి వారి కులగురువు అతని పేరును భాగ్యరెడ్డిగా మార్చెను. 1913లో ఆర్యసమాజమువారు వర్మ బిరుదమిచ్చిరి. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి, ఆదిహిందువులకు పాఠశాలలు తెఱచిన భాగ్యరెడ్డివర్మ ఈయనయే. శబ్దవ్యుత్పత్తి యెట్లున్నను, ఆ మార్పుయొక్క యుద్దేశము స్పష్టము: మమ్ము మేము పిలుచుకొనునట్లు మీరును పిలువవలెను. క్రైస్తవమతము పుచ్చుకొన్నవారు సువార్తమ్మ, కరుణమ్మ, దేవసహాయము, ఆశీర్వాదము అను పేరులు పెట్టుకొనుటలోను ఈ యాత్మగౌరవమే కొంత కలదు. మతము మాట యటుండగా, గాడు చేర్చుటకు వీలుకాని పేరు వారికి కావలసియుండెను.

తిరస్కారపు పేరులలో రెండవ తెగ మఱింత బాధాకరము. ఏలయన దానిని పెట్టినవారు కన్నవారే. వరుసగా ఆడపిల్లలు పుట్టినచో, ఇకమీద ఆడపిల్ల వలదని దైవమునకు తెలుపుటకు పుట్టిన పిల్ల పేరునే విన్నపముగా చేసిరి. వంగదేశమున ఆన్నకాళి యను పేరు కలదు. ఇంక వలదు కాళీ యని దాని యర్థము. తమిళదేశమున వేండామ్ అనగా వద్దు; పోదుంపొణ్ణు అనగా చాలినపిల్ల. మహారాష్ట్రమున నకుశి యనగా అక్కఱలేనిది. తవుడయ్య తల్లి తన బిడ్డ అక్కఱలేనిదని మృత్యువుతో బొంకినది. నకుశి తండ్రి ఆ మాటనే బొంకు లేక పలికినాడు. రెండు పేరులకును అర్థమొకటే, భావమున భూమ్యాకాశముల భేదము.

2011వ సంవత్సరము అక్టోబరు నెలలో సతారా మండలమున అధికారులు ఒక సభ చేసి, నకుశి యను పేరుగల 285 మంది బాలికలకు క్రొత్త పేరులు నిచ్చిరి. ఆ పేరులను ఆ బాలికలే యెన్నుకొనిరి. కొందఱు సావిత్రి యనియు, కొందఱు ఐశ్వర్య యనియు, కొందఱు వైశాలి యనియు పెట్టుకొనిరి. తోడి పిల్లలు తమ్మును క్రొత్త పేరుతో పిలుచుట వారికి రెండవ జన్మమువంటిది. చట్టము వరకట్నమును మాన్పజాలకపోవచ్చును, కాని పేరును మార్పగలదు. అట్లని ఆ పేరు పుట్టించిన యూహ మాఱినదని సంతోషించుటకు వీలులేదు. మన తెలుగిండ్లలో పేరు నకుశి కాకపోయినను, మూడవ ఆడపిల్ల పుట్టిన దినమున ముఖములు ఎట్లుండునో ప్రతివారికిని తెలియును.

ఉద్యమముల పేరులు

20వ శతాబ్దిలో మన పేరులలో క్రొత్త కాలము వచ్చినది. భయముతో గాక ఆశతో పేరు పెట్టుట మొదలైనది. 1931లో నల్లగొండ సీమలో పుట్టిన బాలికకు స్వరాజ్యము అని పేరు పెట్టిరి. ఆమెయే తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొని 2022లో కన్నుమూసిన మల్లు స్వరాజ్యము. గాంధి, బోసు, జవహర్ అనునవి ఇంటి పిల్లల పేరులైనవి. తరువాతి తరమున లెనిన్, స్టాలిన్ అనునవియు చేరినవి.

ఈ విషయమున అందఱికంటెను ముందునకు పోయినవారు నాస్తికోద్యమ నాయకులైన గోపరాజు రామచంద్రరావుగారు. గోరాగారని లోకము వారి నెఱుగును. కులమును గాని దేవుని గాని తెలుపు పేరు తమ బిడ్డలకు ఉండరాదని వారి నిశ్చయము. 1930లో ఉప్పు సత్యాగ్రహము జరుగుచుండగా పుట్టిన కొడుకునకు లవణము అని పేరు పెట్టిరి. 1939లో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైన సంవత్సరమున పుట్టినవాడు సమరము. తొమ్మిదవ సంతానమునకు నౌ అని పేరు. హిందీలో తొమ్మిదియనియే యర్థము. ఆ పేరులను వినినంతనే పుట్టిన యేడు తెలియును; కులము మాత్రము తెలియదు. లవణముగారు వినోబాభావే వెంట నడచి ఆయన మాటలను తెలుగుచేసిరి. స్టూవర్టుపురమువారి జీవితములను బాగుచేయుటకు భార్యతో కలసి పాటుపడి 2015లో మరణించిరి. ఉప్పు అను పేరు ఆయనకు వన్నె తెచ్చినదే గాని తక్కువ చేయలేదు.

పెంటయ్యలు ఏల తగ్గిరి?

నేడు పెంటయ్య యను పేరు ఎవ్వరును పెట్టరు. నాగరికత పెరిగినది గనుక అని కొందఱందురు. మాకు తోచు కారణము వేఱు. 20వ శతాబ్ది యారంభమున మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో రెండువందలకు పైగా ఏడాది నిండకమునుపే పోవుచుండిరి. 1971లో ఆ సంఖ్య 129 గాను, 2020లో 28 గాను లెక్కింపబడినది. 1975 తరువాత మసూచి మన దేశమున కానరాలేదు. టీకాలు, శుభ్రమైన పురుళ్ళు, మంచినీరు, చదువుకొన్న తల్లులు కలిసి చేసిన పని యిది. బిడ్డ నిలుచునను ధైర్యము కలిగినపిమ్మట మృత్యువుతో బేరమాడవలసిన పని తల్లికి లేకపోయినది. కావున పెంటయ్య పేరును తొలగించినది నవ్విన పట్టణవాసి కాదు; ఊరూర తిరిగి సూదిమందు వేసిన నర్సు. ఇప్పటికిని ఏడాది నిండకమునుపే పోవుచున్న శిశువులను తలచినచో, ఆ పని ఇంకను ముగియలేదని తెలియును.

పేరుననే యదృష్టమున్నదని నమ్మువారు నేడును తక్కువగా లేరు. అక్షరములను లెక్కించి పేరునకు ఒక అక్షరము చేర్చినచో ధనము వచ్చునని చెప్పి ధనము పుచ్చుకొనువారు ఉన్నారు. వీరు జాతకకథలలోని నామసిద్ధి కథను చదువవలెను. తక్షశిలలో పాపకుడను శిష్యుడు తన పేరు అశుభమని బాధపడి, మంచి పేరు వెదకుటకు గురువు ననుమతితో బయలుదేఱెను. మొదట శవమొకటి యెదురైనది, పోయినవాడు జీవకుడు. పిమ్మట ఒక యింటి ముందర కూలి తేలేదని దెబ్బలు తినుచున్న దాసిని చూచెను. ఆమె పేరు ధనపాలి. తుదకు అడవిలో దారితప్పినవాడొకడు కనబడెను. వాని పేరు పంథకుడు, అనగా దారి యెఱిగినవాడు. పేరు గుర్తునకేగాని సిద్ధికి కాదని తెలిసికొని పాపకుడు తన పేరుతోనే మఱలి వచ్చెను.

క్రొత్త పేరు కోరు దంపతులకు ఒక్క హెచ్చరిక. నేటి పేరుల పట్టికలలో అర్థములు తఱచుగా కల్పితములు. ఇంపుగా వినబడు ప్రతి మాటకును లక్ష్మి యనియో, విష్ణువు అంశ యనియో వ్రాసివేయుచున్నారు. రియాంశ్ అనగా విష్ణ్వంశమని ముద్రించుచున్నారు. అంశ యనగా భాగమే, కాని రియ యనునది విష్ణువు పేరని అమరకోశమున లేదు. అర్థము లేని పేరు పెట్టుట నేరము కాదు. లేని యర్థమును ఉన్నదని నమ్మి పెట్టుట మాత్రము చదువుకొన్నవారికి తగదు. నిఘంటువు చూచుటకు గడియ పట్టదు. తొందరయు అక్కఱలేదు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము పేరు లేకయే జననమును వ్రాయించి, ఏడాదిలోపల పేరును చేర్పింపవచ్చును. ఆలస్యమైనచో రుసుముతో పదునైదేండ్ల వఱకును చేర్పింపవచ్చును.

మా విన్నపములు మూడు. ఇంటిలో పెంటమ్మ యను నాయనమ్మగాని, తవుడయ్య యను తాతగాని ఉన్నచో వారికంటె ముందు ఎందఱు పుట్టిపోయిరో అడిగి తెలిసికొని వ్రాసియుంచుడు. ఆ బిడ్డలకు మఱొక గుర్తు లేదు. ఎవరి పేరు చివరను గాడు చేర్పకుడు. మీ పిల్లలు చేర్చినచో మందలింపుడు. ఆడపిల్ల పుట్టినచో కొడుకునకై వెదకినంత శ్రద్ధతో ఆమెకు పేరు వెదకుడు. పలుకుటకు సులువై, ఆశీర్వాదమువలె ఉండునది చాలును.